నర్సుల డ్యూటీ రోస్టర్ టూల్‌ని ఏఐ ఏజెంట్‌కి ఇస్తున్నారా? డిస్క్రిప్షన్ ఇలా రాయండి

హాస్పిటల్ రోస్టర్ డేటాని ఏజెంట్‌కి, అంటే అడిగినదానికి తగ్గ టూల్‌ని తనే పిలిచి జవాబు చెప్పే ఏఐ ప్రోగ్రామ్‌కి, కలిపేటప్పుడు టైం అంతా ఏపీఐ (ప్రోగ్రామ్‌లు డేటా ఇచ్చిపుచ్చుకునే దారి) మీదే పోతుంది, ఆ టూల్ ఏం చేస్తుందో ఏజెంట్‌కి చెప్పే డిస్క్రిప్షన్ మాత్రం చివర్లో ఒక్క లైన్ కొట్టి వదిలేస్తారు. అసలు పని అక్కడే ఉంది. ఏజెంట్‌కి మీ కోడ్ కనపడదు, మీ వార్డు అసలే తెలీదు. 2024 నవంబర్‌లో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ తెచ్చిన ఎంసీపీనే (ఏఐకి టూల్స్ కలిపే ఒక ఓపెన్ పద్ధతి) తీసుకోండి, అందులో టూల్ గురించి మోడల్‌కి ముఖ్యంగా తెలిసేది పేరు, డిస్క్రిప్షన్, ఇన్‌పుట్ స్కీమా (టూల్‌కి ఏమేం, ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే పట్టిక), అంతే. వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్‌కి కంఠతా వచ్చిన రూల్స్ అన్నీ అక్కడ అక్షరాల్లో ఉండాలి.

పేరు 'గెట్ డేటా' అని పెట్టకండి, 'లిస్ట్ పబ్లిష్డ్ షిఫ్ట్స్' లాగా చేసే పనే పేరవ్వాలి. కింద డిస్క్రిప్షన్ ఇలా: "ఉద్యోగి ఐడీ లేదా వార్డు కోడ్, తేదీలు ఇస్తే పబ్లిష్ అయిన షిఫ్టులు ఇస్తుంది. డ్రాఫ్ట్ రోస్టర్ ఇందులో రాదు. సెలవుల బ్యాలెన్స్‌కి ఇది వాడొద్దు, దానికి వేరే టూల్ ఉంది." ఎప్పుడు వాడకూడదో రాయడం చాలామంది మర్చిపోతారు, రెండు టూల్స్ దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ఏజెంట్ తడబడేది అక్కడే.

ఇక నైట్ డ్యూటీ. మార్నింగ్ 8 నుంచి 2, ఈవెనింగ్ 2 నుంచి 8, నైట్ రాత్రి 8 నుంచి మర్నాడు పొద్దున 8 అనుకుందాం. "15న తెల్లవారుజామున 4కి ఐసీయూలో ఎవరున్నారు" అని ఎవరైనా అడిగితే ఏజెంట్ 15వ తేదీ షిఫ్టులు తెచ్చుకుంటుంది, కానీ ఆ టైంలో ఉన్నవాళ్లు 14న నైట్ ఎక్కినవాళ్లు, ఇంకేముంది, తప్పు పేరు చెప్పేస్తుంది. అందుకని "తేదీ అంటే షిఫ్ట్ మొదలైన తేదీ, ఒక టైంకి ఎవరున్నారో కావాలంటే ముందురోజు కూడా కలిపి అడుగు" అని రాయండి, చివరి తేదీ లెక్కలోకి వస్తుందో రాదో కూడా చెప్పండి. టైం ఐఎస్ఓ 8601 ఫార్మాట్‌లో (తేదీ, టైం రాసే అంతర్జాతీయ పద్ధతి), చివర మన టైం అని తెలిసేలా +05:30 తో ఇవ్వండి. మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ టైం యూటీసీలో వదిలేస్తే మనకి అర్ధరాత్రి నుంచి 5:30 దాకా టైమంతా అక్కడ ముందురోజు తేదీలో పడుతుంది. 'ఈ వారం' సోమవారం మొదలా ఆదివారం మొదలా, అదీ ఒక ముక్క రాయండి.

షిఫ్ట్ కోడ్‌లు ఊహకి వదలొద్దు. 'ఓసీ' మీ దగ్గర ఆన్‌కాలా, 'సీఓ' కాంప్ ఆఫా, వీక్లీ ఆఫ్‌కి ఏం వాడతారు, ఇవన్నీ స్కీమాలో ఎనమ్‌గా (ఇవి మాత్రమే చెల్లుతాయనే లిస్ట్) పెట్టి ఒక్కోదానికి అర్థం పక్కనే ఇవ్వండి.

అన్నిటికంటే ప్రమాదం ఖాళీ లిస్ట్. వచ్చే వారం రోస్టర్ ఇంకా పబ్లిష్ కాలేదు, టూల్ ఖాళీగా తిరిగొచ్చింది, ఏజెంట్ ఏమో "సోమవారం మీకు డ్యూటీ లేదండీ" అంటుంది. అడిగిన సిస్టర్ అది నమ్మి ఇంట్లో ఉండిపోతే, రాత్రంతా నిలబడిన ఇంకో సిస్టర్ రిలీవర్ లేక మళ్లీ అలాగే కంటిన్యూ అవ్వాలి. కాబట్టి అవుట్‌పుట్‌లో రోస్టర్ స్టేటస్ ఫీల్డ్ తప్పకుండా ఇవ్వండి, "స్టేటస్ పబ్లిష్డ్ అని ఉంటేనే ఖాళీ అంటే డ్యూటీ లేదని అర్థం" అని డిస్క్రిప్షన్‌లో తేల్చి రాయండి.

పేర్ల విషయం తెలిసిందే, ఒక్క హాస్పిటల్లో లక్ష్ములు ఎంతమంది ఉంటారో. ముందు స్టాఫ్ సెర్చ్ టూల్‌తో ఐడీ తెచ్చుకోమనండి, ఒకరికంటే ఎక్కువ వస్తే ఏ డిపార్ట్‌మెంటో యూజర్‌నే అడగమనండి. ఎర్రర్ కూడా అంతే, ఉత్త 400 ('రిక్వెస్ట్ తప్పు' అనే ఎర్రర్ నంబర్) పడేస్తే ఏజెంట్ అదే రిక్వెస్ట్ మళ్లీ కొడుతుంది, "31 రోజులకి మించి ఇవ్వను, రేంజ్ తగ్గించి అడుగు" అంటే దారిలో పడుతుంది.

డ్యూటీ స్వాప్ లాంటి మార్చే టూల్స్ విడిగా ఉంచండి. ఎంసీపీలో 'ఈ టూల్ చూపిస్తుందే కానీ ఏమీ మార్చదు' అని చెప్పే రీడ్ ఓన్లీ హింట్ ఉంది కానీ అది హింటే, పర్మిషన్ చెక్ సర్వర్‌లోనే జరగాలి. సిక్ లీవ్ కారణం, ఫోన్ నంబర్ అవుట్‌పుట్‌లోకి రానే వద్దు, అది వాళ్ల సొంత విషయం.

రాశాక వార్డులో నిజంగా అడిగే ప్రశ్నలతో టెస్ట్ చేయండి, "రేపు నైట్ ఎవరు", "నా ఆఫ్ ఎప్పుడు" ఇలా. జవాబు ఒక్కటే చూసి వదిలేయకుండా లాగ్ తీసి ఏ టూల్‌ని ఏ తేదీలతో పిలిచిందో చూడండి, తేడా వస్తే ముందు డిస్క్రిప్షన్ సరిచేయండి. కొత్త షిఫ్ట్ కోడ్ కలిపినప్పుడల్లా కోడ్ మార్పు, డిస్క్రిప్షన్ మార్పు ఒకే పుల్ రిక్వెస్ట్‌లో (కోడ్‌లో కలపమని పంపే మార్పుల కట్ట) రావాలి, రెండోది లేకపోతే మెర్జ్ చేయకండి, అంటే కలపకండి.