పెన్‌డ్రైవ్ ఓపెన్ అవట్లేదా? ముందు ఫార్మాట్ మీద నుంచి చెయ్యి తీయండి

పెన్‌డ్రైవ్ పెట్టగానే ‘ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని కంప్యూటర్ అడిగిందంటే, లోపల ఏముందో దానికి అర్థం కావట్లేదని మాత్రమే లెక్క. విజయనగరం గంటస్తంభం దగ్గర మా డీటీపీ షాపుకి వచ్చేవాళ్లలో చాలామంది ఆ పని ఇంటి దగ్గరే కానిచ్చేసి వస్తారు. “అడిగిందండి, నొక్కీసినాను” అంటారు. పెళ్లి ఫొటోలు, సిరిమానోత్సవం వీడియోలు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టు అన్నీ అందులోనే ఉంటాయి. ఇంకెక్కడా కాపీ ఉండదు. అందుకే ఏది ముందో, ఏది చివరో రాస్తున్నాను.

మొదట పోర్టు మార్చండి. సీపీయూ ముందువైపు పోర్టులు, హబ్బులు, ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు నేను లెక్కలోకే తీసుకోను. వెనకవైపు, మదర్‌బోర్డుకి నేరుగా ఉన్న పోర్టులోనే పెట్టాలి. ఇంకో కంప్యూటర్‌లో కూడా చూడండి. అక్కడ ఓపెన్ అయితే తప్పు మీ కంప్యూటర్‌ది. వెంటనే ఫైళ్లు కాపీ చేసేసుకోండి. పెన్‌డ్రైవ్ మూతిలోకి నోటితో ఊదకండి, ఉమ్మితడి లోపలికి పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన సన్నటి ఇయర్‌బడ్‌తో తుడిచి ఆరనివ్వండి, చాలు.

తర్వాత స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవండి. ‘దిస్ పీసీ’లో కనబడనిది ఇక్కడ కనబడొచ్చు. ‘హెల్దీ’ అని ఉండి పక్కన అక్షరం లేకపోతే, రైట్ క్లిక్ చేసి డ్రైవ్ లెటర్ ఇస్తే పని అయిపోతుంది. ‘నో మీడియా’ అని ఉంటే సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పని కాదు, లోపలి చిప్పు పోయినట్టే. డేటా అంత ముఖ్యమైతే రికవరీ ల్యాబ్‌కి పంపాలి, ఆ ఖర్చు పెన్‌డ్రైవ్ ధరకి ఎన్నో రెట్లు ఉంటుంది. అసలు కనబడకపోతే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ‘అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్’ ఉందేమో చూసి, దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెట్టండి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయి ఉంటే అది వైరస్ పని. వాటి మీద క్లిక్ చేయకుండా ముందు యాంటీవైరస్‌తో స్కాన్ చేయండి. మీ ఫైళ్లు సాధారణంగా దాక్కుని ఉంటాయి గానీ పోయి ఉండవు.

ఇక డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘రా’ (లోపలి అమరిక విండోస్‌కి అర్థం కాలేదని) అనో ‘అన్‌ఎలొకేటెడ్’ (ఎవరికీ కేటాయించని ఖాళీ జాగా అని) అనో కనబడితే, అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఫార్మాట్ అడిగితే క్యాన్సిల్. ‘ఇనిషియలైజ్ డిస్క్’ అని అడిగినా క్యాన్సిల్. ఈ దశలో పెన్‌డ్రైవ్ మీద కొత్తగా ఒక్క ఫైలు కూడా రాయకూడదు.

క్విక్ ఫార్మాట్ చేస్తే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక కొత్తగా ఖాళీగా తయారవుతుంది. ఫైళ్లలో ఎక్కువ భాగం అలాగే ఉంటాయి గానీ వాటి పేర్లూ, ముక్కల వరసా పోతాయి. ముక్కలుగా పడి ఉన్న పెద్ద వీడియోలు తిరిగి వచ్చినా సరిగా ఆడవు. ‘క్విక్’ దగ్గర టిక్కు తీసేసి ఫార్మాట్ చేస్తే ఇంకా ఘోరం. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ అంటే మొత్తం సున్నాలు రాసేయడమే. ఆ తర్వాత ఎవరి దగ్గరికి తీసుకెళ్లినా లాభం లేదు.

యూట్యూబ్‌లో ప్రతివాడూ ముందుగా చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ సొంత పనిముట్టు) నడపమంటాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే. చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఫైళ్లని పేర్చి ఉంచే అమరికని సరిచేయడం, మీ ఫొటోలు కాపాడటం దాని బాధ్యత కాదు. చెల్లాచెదురైన ముక్కల్ని ‘ఫౌండ్’ ఫోల్డర్‌లో పేరులేని ఫైళ్లుగా పడేసి చేతులు దులుపుకుంటుంది. పైగా ‘రా’ అని ఉన్న డ్రైవ్ మీద అది అసలు నడవదు.

సరైన పద్ధతి ఇది. ముందు మొత్తం పెన్‌డ్రైవ్‌ని ఒక ఇమేజ్ ఫైలుగా, అంటే లోపలున్నదంతా ఉన్నదున్నట్టు ఒకే ఫైలులో నకలుగా, కంప్యూటర్‌లోకి దించుకోండి. పెన్‌డ్రైవ్‌కి డ్రైవ్ అక్షరం ఉంటే ఉచితంగా దొరికే విన్32 డిస్క్ ఇమేజర్ చాలు. 32 జీబీ పెన్‌డ్రైవ్ అయితే అందులో ఫైళ్లు కొన్నే ఉన్నా కంప్యూటర్‌లో 32 జీబీ ఖాళీ ఉండాలి. ఇందులో ‘రీడ్’, ‘రైట్’ అని రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. మీకు కావలసింది ‘రీడ్’. ‘రైట్’ నొక్కితే కంప్యూటర్‌లోని ఫైలు వెళ్లి పెన్‌డ్రైవ్ మీద పడుతుంది, ఉన్నది కాస్తా పోతుంది. డ్రైవ్ అక్షరం సరిగ్గా ఉందో లేదో చూసుకుని, వేలు బటన్ మీద పెట్టాక ఇంకోసారి చదివి నొక్కండి. మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నించి దాన్ని వేడెక్కించకండి. లైనక్స్‌లో ఇలాంటి ఇమేజ్ తీయడానికే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం ఉంది. చదవలేని చోట్లు దాటేసి, బాగున్నవన్నీ తీశాక మళ్లీ వాటి దగ్గరికొస్తుంది.

ఇమేజ్ వచ్చాక పెన్‌డ్రైవ్ తీసి పక్కన పెట్టేయండి. ముందు ఇమేజ్‌ని టెస్ట్‌డిస్క్ అనే రికవరీ ప్రోగ్రాంతో చూడండి. ఫైళ్ల జాబితా కనబడితే పేర్లతో సహా కాపీ చేసుకోవచ్చు. కనబడకపోతే ఫొటోరెక్ అనే ఇంకో రికవరీ ప్రోగ్రాం. ఇది పేర్లు తేదు, అంకెల పేర్లతో వందల ఫైళ్లు కుమ్మరిస్తుంది, కూర్చుని ఏరుకోవాలి. ఈ రెండూ ఉచితం. డబ్బు కట్టమనే సాఫ్ట్‌వేర్ల జోలికి వీటి తర్వాతే వెళ్లాలి. దొరికినవి ఎప్పుడూ కంప్యూటర్‌లోకే సేవ్ చేయండి, అదే పెన్‌డ్రైవ్‌లోకి కాదు.

ఫొటోలు నాలుగు తెరిచి, వీడియో చివరిదాకా జరిపి చూసుకున్నాక ఫార్మాట్ చేసుకోండి. ఫార్మాట్ కిటికీలో ఏ రకం అని అడిగితే మామూలు వాడకానికి ఎక్స్‌ఫ్యాట్. కారులోనో పాత టీవీలోనో పెట్టేదైతే ఫ్యాట్32, కానీ అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ‘రైట్ ప్రొటెక్టెడ్’ అని మొండికేసి, పక్కన లాక్ మీట కూడా లేకపోతే, మెమరీ అరిగిపోయి తనకు తానే తాళం వేసుకుని ఉండొచ్చు. దాన్ని వదిలేయండి.

ఫార్మాట్ అయిన ఖాళీ పెన్‌డ్రైవ్ మీద హెచ్2టెస్ట్‌డబ్ల్యూ (పెన్‌డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి పరీక్షించే ప్రోగ్రాం) ఒకసారి నడపండి. చవగ్గా వచ్చిందని కొన్న 1 టీబీ సరుకైతే ఇది తప్పనిసరి, ఎందుకంటే నకిలీల్లో పైన రాసిన సైజు లోపల ఉండదు, నిండాక పాత ఫైళ్లు పాడైపోతాయి. టెస్ట్‌లో ఒక్క ఎర్రర్ వచ్చినా అది కారులో పాటలకి కూడా వద్దు, కొత్తది కొనుక్కోండి.