'ది క్యాచర్ ఇన్ ద రై' మీద పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడించడం ఎలా?

ఒక అమెరికన్ కుర్రాడు తన కథ తానే చెప్పుకునే ఈ ఇంగ్లిష్ నవల మీద చర్చ పెట్టడం తేలికని అందరూ అనుకుంటారు. చదివిన ప్రతివాళ్లకీ ఏదో ఒక గట్టి అభిప్రాయం ఉంటుంది కదా, ఇక మాటలకు కరువేముంది అని. చిక్కంతా అక్కడే ఉంది. హైదరాబాద్‌లో ఈ ఒక్క పుస్తకం మీదే నేను ఏడుసార్లు జనాన్ని కూర్చోబెట్టాను. వేరేవాళ్లు కూర్చోబెట్టినచోట మూల కూర్చుని పళ్లు కొరుక్కున్న సందర్భాలు ఇంకా ఎక్కువ. పది నిమిషాల్లో గది రెండు ముక్కలైపోతుంది. ఒక ముక్క "నా జీవితాన్నే మార్చేసింది" అంటుంది. రెండో ముక్క "ఆ పిల్లాడికి చెంప మీద రెండు తగిలించేవాళ్లు లేక" అంటుంది. ఆ పైన గంటన్నర ఆ రెండు మాటలే, గొంతు మాత్రం పెరుగుతూ పోతుంది. పుస్తకం ఎవరి ఒళ్లోనూ తెరుచుకోదు.

మనుషులు, చోటు, సరంజామా

ఎనిమిది మంది చాలు, పది దాటొద్దు. అందులో ఒకరైనా ఇరవై లోపువాళ్లు, ఒకరైనా అరవై దాటినవాళ్లు ఉండాలి. ఉండకపోతే వాయిదా వేసుకోండి, పెట్టకండి.

ఎవరింట్లోనైనా హాలు చాలు. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటివి మంచి చోట్లే గానీ ఈ పనికి మైకున్న చోటు పనికిరాదు. మైకు చేతికొస్తే మనవాడు లేచి నిలబడి ఉపన్యాసం మొదలుపెడతాడు. ఇరానీ హోటల్ అసలే వద్దు, పక్క టేబుల్ వాళ్లు కూడా అభిప్రాయం చెబుతారు.

పుస్తకం కాగితం మీదే ఉండాలి. ఫోన్లో చూస్తానన్నవాళ్లను నేను చాయ్ తాగించి పంపేస్తాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికితే పాత కాపీ దొరుకుతుంది. తలా ఒక ముద్రణ తెస్తారు, పేజీ నంబర్లు కలవవు. అందుకని అధ్యాయం నంబరుతోనే మాట్లాడాలని ముందే చెప్పండి. మొత్తం 26 అధ్యాయాలు, పైగా చిన్నవి. ఇవికాక కొన్ని తెల్లచీటీలు, పెన్నులు, గోడ గడియారం. అంతే.

కథ, రచయిత: ఏడు నిమిషాలు

కథకు ఐదు నిమిషాలు. హోల్డెన్ కాల్‌ఫీల్డ్‌కు పదహారేళ్లు. పెన్సీ అనే బోర్డింగ్ స్కూల్లో ఇంగ్లిష్ తప్ప అన్నీ ఫెయిలై, క్రిస్మస్ సెలవుల ముందు గెంటివేతకు గురవుతాడు. ఇంటికి ఉత్తరం చేరేలోపు తల్లిదండ్రులకు కనపడకుండా న్యూయార్క్‌లో తిరుగుతాడు. కొన్ని నెలల తర్వాత, కోలుకుంటున్నచోటి నుంచి అదంతా మనకు చెబుతాడు.

రచయితకు రెండు నిమిషాలు. జె.డి. సాలింజర్, 1919లో పుట్టి 2010లో పోయాడు. నవల 1951లో వచ్చింది. 1965 తర్వాత బతికుండగా కొత్తదేదీ అచ్చు వేయలేదు, ఈ నవలను సినిమాగా తీయనివ్వలేదు. చాలు. ఇక్కడే ఎవరో ఒకరు 1980లో జాన్ లెనన్‌ను కాల్చినవాడి దగ్గర ఈ పుస్తకమే ఉందని ఎత్తుకుంటారు. నిజమే. కానీ ఆ మాట ఎత్తాక ఇక సాయంత్రమంతా తుపాకీ కథలే. చాయ్ దాకా ఆపమనండి.

అసలు కష్టం: 'నచ్చిందా?' అని అడక్కుండా మొదలుపెట్టడం

మొదటిసారి నేనూ ఆ తప్పే చేశాను. అందరూ కూర్చోగానే, "నచ్చిందా అండీ?" అని అడిగాను. బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన వెంటనే అందుకున్నాడు: "నచ్చుడేంది సార్? ఆ వయసుల నేను రేషన్ దుకాణం ముంగట లైన్ల నిలబడ్డ. ఈ పోరడు బాపు పైసలు తగలేసుకుంట ఊకె ఏడ్సుడే." ఎదురుగా ఇంజినీరింగ్ కుర్రాడు: "అంకుల్, మీరు చదివింది వేరే బుక్కు." అంతే. ఆయనకు పరువు, ఇతనికి ప్రాణం. మిగతావాళ్లం బిస్కెట్లు తిన్నాం.

తర్వాత అర్థమైంది, 'నచ్చలేదు' అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు మాటలు దూరి ఉంటాయి. ఆ కుర్రాడు నచ్చలేదు అనేది ఒకటి. ఆ కుర్రాణ్ణి రాసిన తీరు నచ్చలేదు అనేది రెండోది. చదివినప్పుడు నేనున్న పరిస్థితికి ఇది గిట్టలేదు అనేది మూడోది. పెద్దాయన మూడోది చెబుతున్నాడు, కుర్రాడు రెండోదానికి జవాబిస్తున్నాడు. 'నచ్చింది' అన్నా అదే గందరగోళం. అందుకే నోరు విప్పకముందు చీటీలు పంచాలి.

చీటీ మీద మూడే రాయించండి. ఏ వయసులో చదివారు? ఏ అధ్యాయం దగ్గర పుస్తకం విసిరికొట్టాలనిపించింది? ఏ అధ్యాయం మళ్లీ తెరిచారు? పేరు అక్కర్లేదు. కారణాలు రాయనివ్వకండి, రాస్తే అక్కడే తీర్పు అయిపోతుంది. చీటీలు మీ దగ్గర పెట్టుకుని నంబర్లు మాత్రం పైకి చదవండి. పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఒకే అధ్యాయం రాసి ఉంటారు చాలాసార్లు. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ముందు తిట్టేవాళ్లు మాట్లాడాలి. ఈ వరుస తప్పకూడదు. ప్రేమించేవాళ్లు ముందు మాట్లాడితే తిట్టేవాళ్లు మర్యాదకు మెత్తబడతారు, లేదా ఎదుటివాళ్లను గాయపరచడానికి మరింత గట్టిగా తిడతారు. రెండూ నష్టమే. తిట్టే ప్రతివాళ్లూ అధ్యాయం తెరిచి ఆ వాక్యం పైకి చదవాలి. చదవలేకపోతే వాళ్ల వంతు అయిపోయినట్టే.

ఇప్పుడు అతి ముఖ్యమైన జాగ్రత్త. ఐదో అధ్యాయం ఎవరినీ ముందు చదవనివ్వకండి.

ఆ అధ్యాయంలో చనిపోయిన తమ్ముడు యాలీ బేస్‌బాల్ గ్లవ్ వస్తుంది. ఫీల్డింగ్‌లో నిలబడ్డప్పుడు చదువుకోవడానికని దాని మీదంతా ఆకుపచ్చ ఇంకుతో కవితలు రాసుకున్నాడు ఆ పిల్లాడు. లుకేమియాతో పోయాడు. ఆ రాత్రి పదమూడేళ్ల హోల్డెన్ గ్యారేజీలో పడుకుని కిటికీ అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టాడు. నవలను ప్రేమించేవాళ్ల చేతిలో ఇది బ్రహ్మాస్త్రం. మొదటి పావుగంటలోనే వదిలేస్తారు. వదిలాక ఎవరేం మాట్లాడతారు? చచ్చిపోయిన తమ్ముణ్ణి ముందు పెట్టుకుని 'వీడికి కొవ్వెక్కింది' అనే ధైర్యం ఎవరికుంటుంది? గది చప్పబడిపోతుంది, అందరూ తలలూపుతారు. అది ఒప్పుకోలు కాదు, చావింట్లో పాటించే మర్యాద. ఆ పెద్దాయన అలాగే లేచి వెళ్లిపోయాడు రెండోసారి. తప్పు నాది.

తిట్లన్నీ అయ్యేదాకా ఆగి, మొదటి గంట దాటాక ఆ అధ్యాయం తెరవండి. అప్పుడు కూడా ప్రేమించేవాళ్లతో చదివించకండి, తిట్టినవాళ్లతో చదివించండి. గొంతులో కన్నీళ్లు లేకుండా చదివితేనే ఒక సంగతి వినపడుతుంది: తమ్ముడి గురించి తనంతట తాను చెప్పుకోవడానికి కాదు వాడు మొదలుపెట్టింది, రూమ్మేటుకు హోంవర్క్ వ్యాసం రాసిపెట్టడానికి. ఇది దాచుకోవడమా, రచయిత తెలివా అన్నది తేలే విషయం కాదు. కానీ అప్పటికి గది వాక్యాల గురించి మాట్లాడుతూ ఉంటుంది, మీకు కావాల్సింది అది.

రెండు మాటలు నిషేధించండి. "ఇది పదహారేళ్లకే చదవాలి" అన్నది మొదటిది. పైకి సలహాలా ఉంటుంది గానీ, మీకు వయసైపోయింది, మీ మాట చెల్లదు అని దాని అర్థం. రెండోది "డబ్బున్నవాళ్ల పిల్లల వేషాలు". ఇందులో నిజముంది, అందుకే నోరు మూయించకుండా పనిలో పెట్టండి. డబ్బు ఎక్కడెక్కడ చేతులు మారిందో అధ్యాయాల వెంట పట్టుకోమనండి. 14లో ఐదు డాలర్ల కోసం తన్నులు తింటాడు. 15లో నన్‌లకు పది డాలర్లు ఇచ్చేస్తాడు. 20లో చిల్లర నాణేలు చెరువులోకి విసురుతాడు. 23లో పదేళ్ల చెల్లెలు ఫీబీ తన క్రిస్మస్ డబ్బులు చేతిలో పెడితే ఏడుస్తాడు. ఈ నాలుగూ వరసగా చదివాక కూడా పొగరే అంటే అననివ్వండి, కనీసం లెక్క చూసి అన్నట్టవుతుంది.

ఇరవైనాలుగో అధ్యాయంలో ఆంటొలీనీ మాస్టారు నిద్రలో ఉన్న హోల్డెన్ తల నిమురుతాడు, వీడు లేచి పారిపోతాడు, తర్వాత తనే తప్పుగా అనుకున్నానేమో అని మథనపడతాడు. దీని మీద చేతులెత్తి ఓట్లు వేయించే పద్ధతి ఒకటి చూశాను. వద్దు. ఆ గదిలో ఎవరికి ఏం జరిగి ఉంటుందో మీకు తెలీదు.

'ఫోనీ'ని తెలుగులో చెప్పించడం

పైకి ఒకటి, లోపల ఒకటిగా ఉండేవాళ్లను హోల్డెన్ అనే మాట ఇది, నవల నిండా ఉంటుంది. ఇంగ్లిష్‌లోనే వదిలేసే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తలా ఒక తెలుగు మాట చెప్పమనండి. 'డాంబికం' అన్నవాళ్లకు హోల్డెన్ నీతిమంతుడు. 'బిల్డప్' అన్నవాళ్లకు వాడు కాలేజీ క్యాంటీన్ స్నేహితుడు. ఒకామె 'ఉత్తుత్తి' అంది, అప్పుడు వాడు ఆటల్లో మోసాన్ని సహించలేని చిన్నపిల్లాడైపోయాడు. పాతబస్తీ నుంచి వచ్చిన ఒకాయన 'దిఖావా' అన్నాడు. నాకైతే 'పోజు' సరైనది, దాని మీద వాదన పెట్టుకోను. అభిప్రాయం అడిగితే దాచుకునేవాళ్లు కూడా ఈ మాట దగ్గర దొరికిపోతారు. ఐదు చుక్కల్లో మూడు ఇచ్చి తప్పుకునే రేటింగ్ పద్ధతి దీని ముందు ఎందుకూ కొరగాదు.

పేరులోని చేను గురించి కూడా ఇక్కడే తేల్చేయండి. రై అంటే ధాన్యం, పిల్లలు కనపడనంత ఎత్తు పెరుగుతుంది, మన జొన్నచేను అనుకోండి. చేను చివర నిటారు కొండచరియ, పరిగెత్తి పడిపోబోయే పిల్లల్ని పట్టుకోవాలని వీడి కోరిక. ఆ కోరిక పుట్టింది పాటను తప్పుగా వినడంలో. స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ కవితలో ఉన్నది కలుసుకోవడం, వీడు పట్టుకోవడం అనుకున్నాడు. ఇరవైరెండో అధ్యాయంలో ఫీబీయే సరిదిద్దుతుంది. సినిమా పాటలు ఏళ్లతరబడి తప్పుగా పాడుకున్న జాతికి దీన్ని వివరించక్కర్లేదు.

మీ బృందానికి ఇంగ్లిష్ నవల వద్దనుకుంటే నవీన్ 'అంపశయ్య' తీసుకోండి. 1969 నాటిది, ఉస్మానియా క్యాంపస్‌లో రవి అనే విద్యార్థి ఒక్కరోజు. చీటీల పద్ధతి దానికీ సరిపోతుంది. ఆ క్యాంపస్ పక్కనే ఉండే తార్నాక వాళ్లను మాత్రం రెండు కుర్చీలు ఎడంగా కూర్చోబెట్టండి, ఏ హాస్టల్ ఎక్కడుందో అనే దగ్గరే ఆగిపోతారు.

ముగించడం

రెండు గంటలకు ఆపేయండి. అందరినీ ఒక మాట మీదకు తేవద్దు. మొదటి చీటీ ఎవరిది వాళ్లను గుర్తుపట్టి తీసుకోమని, వెనకవైపు విసిరికొట్టాలనిపించిన అధ్యాయం నంబరు మళ్లీ రాయమనండి. మారాలని లేదు.

మూడోసారి బతిమాలి పిలిస్తే ఆ పెద్దాయన వచ్చాడు. ఐదో అధ్యాయం ఆయనతోనే చదివించాను, ఉత్తరం చదివినట్టు చదివాడు. ఆయన చీటీకి ముందువైపు 3 ఉంది. వెనకవైపు కూడా 3 రాశాడు, దాని కింద చిన్న అక్షరాలతో "గ్లవ్ మంచిగుంది" అని. చీటీని మడిచి గుర్తుగా పుస్తకంలో పెట్టుకున్నాడు, మూడో అధ్యాయం దగ్గరే.