డ్రిల్లుతో రివెట్ నట్లు బిగించడం: కూలర్ రేకు పని

ఎండలు మొదలవగానే వరంగల్, హన్మకొండ ఇళ్లలో ఇనుప కూలర్లు బయటికొస్తాయి. గడ్డి తలుపులు పట్టి ఉంచే సెల్ఫ్ స్క్రూలు ఏటా ఊడదీసి బిగిస్తుంటే రంధ్రం వదులైపోతుంది. 22 గేజ్ రేకు మందం దాదాపు 0.8 మి.మీ.; అందులో ఒక్క థ్రెడ్డు కూడా నిండుగా పట్టదు. అలాంటి చోటికి, చదరపు పైపు లాగా వెనక చెయ్యి దూరని చోటికి రివెట్ నట్టు సరైన మందు. ఇది లోపల థ్రెడ్లున్న చిన్న గొట్టం; ముందు నుంచే రంధ్రంలో దూర్చి లాగితే వెనక ఉబ్బి రేకును పట్టుకుంటుంది.

డ్రిల్లుకు తగిలించే అటాచ్‌మెంటుతో పని తొందరగానే అవుతుంది. ఎక్కడ ఆగాలో మాత్రం డ్రిల్లుకు తెలియదు. అందుకే క్లచ్ (పెట్టిన బలం దాటగానే తిప్పడం ఆపే ఏర్పాటు) ఉన్న, రెండు స్పీడుల బ్యాటరీ డ్రిల్లే వాడాలి. గోడలకు వాడే ఒకే స్పీడు కరెంటు డ్రిల్లు, ఇంపాక్ట్ డ్రైవర్ ఈ పనికి పనికిరావు.

రంధ్రం సైజు సాధారణంగా ఎం4కు (అంటే 4 మి.మీ. బోల్టు పట్టే నట్టుకు) 6 మి.మీ., ఎం5కు 7, ఎం6కు 9, ఎం8కు 11. ప్యాకెట్ మీద వేరే అంకె ఉంటే దాన్నే నమ్మండి. అక్కడే గ్రిప్ రేంజ్, అంటే ఆ నట్టు పట్టుకోగల రేకు మందం హద్దులు కూడా ఉంటాయి. మీ రేకు మందం ఆ హద్దుల్లో ఉండాలి. తలుపులకు ఎం5 చాలు, మోటారు పట్టీకి ఎం6 వేయండి.

సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, ముందు 3 మి.మీ. బిట్టు దింపండి. పల్చటి రేకులో పెద్ద బిట్టు ఒకేసారి దింపితే రంధ్రం మూడు మూలలుగా వస్తుంది, నట్టు తిరగడానికి సగం కారణం అదే. మెట్లు మెట్లుగా లావయ్యే స్టెప్ బిట్టు గుండ్రంగా కోస్తుంది. కానీ బజార్లో దొరికే 4–12 బిట్లలో చాలావాటికి మెట్లు 4, 6, 8, 10, 12. అందులో 7 గానీ 9 గానీ ఉండవు. ఎం6 అయితే 8 దాకా దానితో వచ్చి, చివర 9 మామూలు బిట్టుతో సరిచేయండి. అంచు గరుకు తీసి, కోసిన చోట జింక్ ప్రైమర్ పూయండి. ట్యాంకులో నీళ్లు నిలిచే మట్టం కింద మాత్రం ఈ నట్లు వద్దు, కారుతుంది.

మాండ్రెల్‌కు (అటాచ్‌మెంటు ముందుండే, నట్టును లాగే థ్రెడ్ల కడ్డీకి) చుక్క నూనె వేసి నట్టు ఎక్కించండి. మాండ్రెల్ కొన నట్టు చివర నుంచి ఒకటి రెండు థ్రెడ్లు బయటికి రావాలి. లోపలే ఆగితే బరువంతా కొద్ది థ్రెడ్ల మీద పడి అవి ఊడిపోతాయి. నట్టు తల రేకుకు ఆనేలా నిటారుగా దూర్చి, అటాచ్‌మెంటు పిడి ఒక చేత్తో గట్టిగా పట్టుకోండి. వదిలితే అది తిరిగి మణికట్టుకు తగులుతుంది. డ్రిల్లు 1వ స్పీడులో, క్లచ్ తక్కువ అంకె మీద. క్లచ్ కటకటమనగానే ఆపి, రివర్సులో తిప్పితే మాండ్రెల్ బయటికొస్తుంది.

క్లచ్ అంకె ఎంత అంటే అందరికీ ఒకటే జవాబు లేదు. అదే గేజ్ తుక్కు రేకు మీద ఒక్కో అంకె పెంచుతూ చూడండి. వెనక ఉబ్బు చుట్టూ సమానంగా వచ్చి రేకును అదిమి పట్టాలి, బోల్టు బిగిస్తే నట్టు తిరగకూడదు. అక్కడి నుంచి ఇంకా లాగితే థ్రెడ్లు చెడి మాండ్రెల్ ఇరుక్కుంటుంది. అల్యూమినియం నట్లు తొందరగా చెడతాయి. స్టెయిన్‌లెస్ నట్లకు బలం చాలా కావాలి, ఎం6 దాటితే పొడుగు పిడుల చేతి టూలే మేలు.

చాలామంది చూడనిది ఇంకోటి: పైన బిగించే పట్టీ రంధ్రం నట్టు తలకంటే పెద్దదైతే బోల్టు ఆ నట్టును రేకులోంచి పైకి పీకేస్తుంది. ఎం6 బోల్టుకు పట్టీలో 6.5 మి.మీ. రంధ్రం చాలు.

తిరుగుతున్న నట్టు తీయాలంటే తలను వైస్ గ్రిప్‌తో పట్టుకుని, ఎం6 అయితే 8 మి.మీ. బిట్టుతో తల విడిపోయేదాకా కొరిచి, మిగిలింది పంచ్‌తో లోపలికి కొట్టండి. పైపులో అయితే ఆ ముక్క లోపలే పడి గలగలమంటుంది, భరించాల్సిందే. రంధ్రం సాగి ఉంటే మళ్లీ ఎం6 వేయకండి. 11కు పెంచి ఎం8 దింపండి.