రక్షణ బడ్జెట్‌లో ఒక్క పద్దు పట్టుకోండి: వరంగల్‌లో కూర్చుని పార్లమెంటు లెక్క అడిగే పద్ధతి

2025–26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు కేటాయించింది 6,81,210 కోట్ల రూపాయలు. పేపర్లో పతాక శీర్షికకు ఈ అంకె బాగుంటుంది కానీ, దీన్ని పట్టుకుని ఎవరినీ ఏమీ అడగలేం. జీతం, పెన్షన్, తుపాకీ, సరిహద్దు రోడ్డు అన్నీ ఒకే గంపలో ఉన్న లెక్క ఇది. అడగాలంటే ఒక్క పద్దు తీసుకోవాలి. దానికి సైన్యం ఎంత అడిగింది, ప్రభుత్వం ఎంత ఇచ్చింది, ఏడాది మధ్యలో ఎంతకు సవరించింది, చివరికి ఎంత ఖర్చయింది అన్న నాలుగు అంకెలు పక్కపక్కన రాసుకోవాలి. పార్లమెంటులో ఈ శాఖ మీద జరిగే తనిఖీలో పనికొచ్చే భాగమంతా ఆ నాలుగింటి మధ్య తేడాల్లోనే ఉంటుంది.

ముందు గంప విప్పండి

రక్షణ శాఖకు నాలుగు గ్రాంట్ల డిమాండ్లు, అంటే లోక్‌సభ ఓటు కోసం పెట్టే ఖర్చు పద్దులు, ఉంటాయి. 19వది రక్షణ శాఖ (సివిల్), 20వది రక్షణ దళాల రెవెన్యూ (జీతాలు, నిర్వహణ లాంటి రోజువారీ ఖర్చు), 21వది మూలధన వ్యయం (ఆయుధాలు, నిర్మాణాల లాంటి ఆస్తుల ఖర్చు), 22వది పెన్షన్లు. ఈ నంబర్లు ఏటా అవే ఉంటాయన్న హామీ లేదు, ఆ సంవత్సరపు పుస్తకంలో సరిచూసుకోండి. 2025–26లో సుమారుగా సివిల్‌కు 28,683 కోట్లు, రెవెన్యూకు 3,11,732 కోట్లు, మూలధనానికి 1,80,000 కోట్లు, పెన్షన్లకు 1,60,795 కోట్లు.

ఏది ఏ డిమాండ్‌లో ఉందో తెలియకపోతే మొదటి అడుగే తప్పుతుంది. కోస్ట్ గార్డ్, సరిహద్దు రోడ్ల సంస్థ, రక్షణ భూములు చూసే డిఫెన్స్ ఎస్టేట్స్ సివిల్‌లో ఉంటాయి. కరీంనగర్, రామగుండం వెళ్లే రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్‌కు సికింద్రాబాద్ దగ్గర రక్షణ భూమి కావాల్సి వచ్చింది. 2024 మార్చిలో అనుమతి వచ్చిన ఆ వ్యవహారం గురించి అడగాలంటే వెతకాల్సింది ఈ సివిల్ పద్దులోనే. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్‌ను చాలామంది పెన్షన్ల డిమాండ్‌లో వెతుకుతారు. అది రెవెన్యూలో ఉంటుంది. మామునూరు ఎయిర్‌పోర్టు గురించి రక్షణ శాఖను అడిగితే మాత్రం ప్రశ్న వృథా, అది పౌర విమానయాన శాఖ పని.

పద్దు నంబర్లు కూడా నోట్ చేసుకోండి. రెవెన్యూలో ఆర్మీ 2076, నేవీ 2077, వైమానిక దళం 2078. మూలధనం మొత్తం 4076 కింద ఉంటుంది, దానిలో 01 ఆర్మీ, 02 నేవీ, 03 వైమానిక దళం. ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి వెళ్లినప్పుడు పేర్లు కాస్త మారొచ్చు. నంబర్ పట్టుకుంటే దారి తప్పరు.

పుస్తకాలు మూడు చోట్ల దొరుకుతాయి. బడ్జెట్ పత్రాలు ఇండియాబడ్జెట్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో, లోతైన వివరాలుండే డిఫెన్స్ సర్వీసెస్ ఎస్టిమేట్స్ రక్షణ శాఖ సైట్‌లో, కమిటీ నివేదికలు, సభలో ఇచ్చిన జవాబులు సంసద్ డాట్ ఇన్‌లో. పట్టిక ఏదైనా ముందు పైన రాసిన యూనిట్ చూడండి. కొన్ని కోట్లలో ఉంటాయి, కొన్ని వేల రూపాయల్లో ఉంటాయి. రికవరీలు (శాఖకు తిరిగి వచ్చే సొమ్ము) తీసేయకముందు స్థూల అంకె, తీసేశాక నికర అంకె వేర్వేరు. ఒక ఏడాది స్థూలం, మరో ఏడాది నికరం పెట్టి "పెరిగింది" అని రాస్తే ఆ లెక్క నిలవదు.

నాలుగు గళ్ల పట్టిక

బడ్జెట్ అంచనా (బీఈ), సవరించిన అంచనా (ఆర్ఈ), వాస్తవ ఖర్చు అన్న మూడు గళ్లు బడ్జెట్ పుస్తకాలతోనే నిండుతాయి. వాస్తవ ఖర్చు మాత్రం రెండేళ్లు ఆలస్యం: 2025–26 పుస్తకంలో కనిపించే వాస్తవ ఖర్చు 2023–24ది. నాలుగో గడి, దళాలు అడిగిన మొత్తం, బడ్జెట్ పుస్తకంలో ఉండదు. అది రక్షణ వ్యవహారాలు పరిశీలించే ఎంపీల కమిటీ, అంటే స్థాయీ సంఘం, నివేదికలో 'ప్రొజెక్షన్' అన్న గడిలో దొరుకుతుంది. కమిటీ నివేదిక చదవడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఈ పట్టిక లేకపోతే ఏమవుతుందో మూలధన పద్దులో చూడండి. 2024–25 బీఈ 1,72,000 కోట్లు. ఏడాది చివర ఆర్ఈలో అది 1,59,500 కోట్లకు దిగింది, అంటే 12,500 కోట్లు తగ్గింది. తర్వాతి ఏడాది బీఈ 1,80,000 కోట్లు. బీఈతో బీఈని పోలిస్తే పెరుగుదల 4.65 శాతం, ఆర్ఈతో పోలిస్తే దాదాపు 12.9 శాతం. రెండూ అబద్ధం కావు. ఎవరికి ఏది కావాలంటే అది చెప్పుకుంటారు. అలాగే "నిధులు నూటికి నూరు శాతం ఖర్చయ్యాయి" అన్న ప్రకటన కనిపిస్తే, ఆ నూరు బీఈ మీదా, కోత పెట్టాక మిగిలిన ఆర్ఈ మీదా అన్నది ముందు తేల్చుకోండి.

మూలధనం అంటే అంతా కొత్త ఆయుధాలే అనుకోవద్దు. 1,80,000 కోట్లలో ఆధునికీకరణ కొనుగోళ్లకు పెట్టింది 1,48,722 కోట్లు, మిగతాది పరిశోధనకు, నిర్మాణాలకు. ఆ 1,48,722 కోట్లలో కూడా పాత ఒప్పందాల వాయిదాలు ఉంటాయి. వాటిని కమిటీ నివేదికల్లో 'కమిటెడ్ లయబిలిటీస్' అంటారు. ఇంటి బడ్జెట్లో ఈఎంఐలు పోగా మిగిలిందే కొత్త కొనుగోలుకు అన్నట్టు, కొత్త పథకాలకు ఎంత మిగిలిందో వేరే చూడాలి. ఎంపీ చేత అడిగించదగ్గ మంచి ప్రశ్నల్లో ఇది మొదటిది.

జీడీపీ శాతాల దగ్గర కూడా ఇదే జాగ్రత్త. 6.81 లక్షల కోట్లు జీడీపీలో సుమారు 1.9 శాతం. పెన్షన్లు, సివిల్ తీసేస్తే 1.4 శాతం కూడా ఉండదు. ఇద్దరు వాదించుకుంటుంటే ముందు ఇద్దరి చేతుల్లో ఉన్నది ఒకే అంకేనా అని అడగండి.

కమిటీ నివేదికను చదవడం

శాఖలవారీ స్థాయీ సంఘాల వ్యవస్థ 1993లో 17 సంఘాలతో మొదలైంది. అప్పుడు ప్రధాని నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు. ఇప్పుడు సంఘాలు 24. రక్షణ సంఘంలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులు సభ్యులుగా ఉండరాదు.

మామూలు ఏడాదిలో ఫిబ్రవరి మధ్య నుంచి సమావేశాలకు విరామం ఇస్తారు. ఆ వారాల్లో కమిటీ అధికారులను పిలిచి డిమాండ్లు పరిశీలించి, మార్చిలో నివేదికలు సభ ముందు పెడుతుంది. విచారణ గదిలోకి విలేకరులను రానివ్వరు. నివేదికలో నక్షత్ర గుర్తులు (*) వరసగా కనిపిస్తే అక్కడ భద్రత కారణంగా ఏదో తీసేశారని అర్థం. ఎన్నికల ఏడాదిలో ఈ క్రమం తలకిందులవుతుంది. 2024లో పూర్తి బడ్జెట్ జులైలో వచ్చి ఆగస్టులోనే ఆమోదం పొందింది, రక్షణ సంఘం నివేదికలు డిసెంబర్‌లో వచ్చాయి. పెళ్లయ్యాక ముహూర్తం చూసినట్టే. అయినా ఆ నివేదికల్లోని పట్టికలు విలువైనవే, పారేయొద్దు.

నివేదిక మొదటి పేజీ నుంచి చదవక్కర్లేదు. నేరుగా చివర ఉండే సిఫార్సులకు వెళ్లి, మీ పద్దు పేరు ఉన్న పేరా చూసి, అక్కడి నుంచి వెనక్కి సాక్ష్యాల భాగానికి రండి. అసలు సరుకు అక్కడ ఉంటుంది. 2018 మార్చిలో బయటికొచ్చిన నివేదికలో, అప్పటి ఆర్మీ వైస్ చీఫ్ లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ కమిటీకి చెప్పిన మాటలున్నాయి: సైన్యం పరికరాల్లో 68 శాతం పాతకాలపువి, 24 శాతం ప్రస్తుత తరానివి, 8 శాతమే అత్యాధునికమైనవి. ఇలాంటి నిజం బడ్జెట్ ప్రసంగంలో దొరకదు.

కమిటీకి పరిమితులున్నాయి. రోజువారీ పాలనలో వేలు పెట్టకూడదు, కోత తీర్మానం లాంటిది సూచించకూడదు. దాని మాట సలహా మాత్రమే. కానీ ప్రభుత్వం మూడు నెలల్లో జవాబివ్వాలి, ఆ జవాబుల మీద కమిటీ 'యాక్షన్ టేకెన్' నివేదిక ఇస్తుంది. దానిలో నాలుగో అధ్యాయం మాత్రం తప్పక చదవండి, ప్రభుత్వ జవాబుకు కమిటీ తృప్తి చెందక మళ్లీ నొక్కి చెప్పినవి అక్కడుంటాయి. అయిదోది తుది జవాబు ఇంకా రానివి. ఒకే సిఫార్సు మూడేళ్లు వరసగా నాలుగో అధ్యాయంలో కనిపిస్తే మీకు ప్రశ్న దొరికినట్టే.

సభలో ఓటు, దాని తర్వాత

డిమాండ్ల మీద ఓటు లోక్‌సభదే, రాజ్యసభ చర్చించగలదు, అంతే. కోత తీర్మానాలు మూడు రకాలు: విధానాన్ని తప్పుబడుతూ డిమాండ్‌ను 1 రూపాయికి తగ్గించమనేది, పొదుపు కోసం నిర్దిష్ట మొత్తం తగ్గించమనేది, ఒక ఫిర్యాదు వినిపించడానికి 100 రూపాయలు తగ్గించమనేది. ఆచరణలో చాలా శాఖల వంతు రాకముందే గడువు ముగిసి, మిగిలినవన్నీ చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెడతారు. దీన్నే గిలటిన్ అంటారు. 2018లో, 2023లో అన్ని డిమాండ్లూ ఇలాగే దాటిపోయాయి. అందుకే సభలో చర్చ మీద ఆశ పెట్టుకుని కూర్చోవడం కన్నా ప్రశ్న వేయించడం మేలు.

ఖర్చయ్యాక చూసేది కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్), దాని నివేదికలను తరచి చూసేది పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం, పీఏసీ. 22 మంది ఉండే ఈ సంఘానికి 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడు కావడం ఆనవాయితీ. మందుగుండు నిల్వలు తక్కువగా ఉన్నాయని 2015లో, మళ్లీ 2017లో బయటపెట్టింది కాగే. కొన్ని రక్షణ నివేదికలను కాగ్ వెబ్‌సైట్‌లో పెట్టరు, అక్కడ లేదంటే నివేదికే లేదని అనుకోవద్దు.

మీ ఎంపీ చేత ప్రశ్న వేయించడం

మంత్రిగా ఉన్న ఎంపీ ప్రశ్నలు వేయరు. బండి సంజయ్ కేంద్ర హోంశాఖ సహాయమంత్రిగా ఉన్నంత కాలం కరీంనగర్ వాళ్లు పక్క నియోజకవర్గం ఎంపీనో, తెలంగాణకున్న ఏడుగురు రాజ్యసభ సభ్యుల్లో ఒకరినో పట్టుకోవాలి. వరంగల్, మహబూబాబాద్, పెద్దపల్లి వాళ్లకు ఆ ఇబ్బంది లేదు.

లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు తీసుకుంటారు. స్టార్డ్ అయితే మంత్రి సభలో నోటితో చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు, కానీ లాటరీలో పేరు రావాలి. అన్‌స్టార్డ్‌కు జవాబు రాతలో వస్తుంది, అంకెలు కావాలంటే అదే మంచిది. నోటీసుకు కనీసం 15 రోజులు నిండాలి, ప్రశ్న 150 మాటలు దాటకూడదు. అందుకని సమావేశాల తేదీలు వెలువడిన వారంలోనే ఎంపీ కార్యాలయానికి ముసాయిదా అందేలా చూడండి. పీఏ చేతికి నాలుగు పేజీల వినతిపత్రం ఇస్తే అది ఫైల్లోకి పోతుంది, టైప్ చేసిన ప్రశ్న ఇస్తే ఎంపీలు ప్రశ్నలు పంపే పోర్టల్‌లోకి పోతుంది.

తిరస్కరణకు గురయ్యే ప్రశ్నల్లో ఎక్కువ భాగం స్వభావరీత్యా రహస్యమైన విషయాలు అడిగేవి, వాదన చేసేవి, ఇప్పటికే ప్రచురిత పత్రాల్లో ఉన్నవి. "వరంగల్ సైనిక్ స్కూల్‌కు ఎందుకింత అన్యాయం?" అన్నది ప్రశ్న కాదు, నినాదం. 2024 జూన్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ స్కూల్ అనుమతిని పునరుద్ధరించమని రక్షణ మంత్రిని కోరారు. దాని మీద ప్రశ్న ఇలా ఉండాలి:

"(ఎ) వరంగల్ సైనిక్ స్కూల్‌కు ఇచ్చిన అనుమతి ప్రస్తుతం అమల్లో ఉందా, లేకుంటే ఏ తేదీన ముగిసింది, (బి) పునరుద్ధరణ కోరుతూ రాష్ట్ర ప్రభుత్వం నుంచి వచ్చిన లేఖల తేదీలు, వాటిపై తీసుకున్న చర్య, (సి) రాష్ట్రం నెరవేర్చవలసిన షరతులు, వాటిలో మిగిలినవి ఏవి?"

ప్రతి ముక్కకూ తేదీయో, అంకెయో, జాబితాయో జవాబుగా వచ్చేట్టు రాయాలి. "చర్యలు తీసుకుంటున్నారా?" అని రాస్తే "నిరంతర ప్రక్రియ" అన్న జవాబు వస్తుంది. "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" అని వస్తే నిరాశపడొద్దు. దాన్ని హామీగా లెక్కిస్తారు, మూడు నెలల్లో నెరవేర్చాలి, ప్రభుత్వ హామీల కమిటీ వెంటపడుతుంది. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి.

ఎంపీ దొరకకపోతే ఆర్టీఐ ఉంది: రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు, జవాబు అందిన 30 రోజుల్లో మొదటి అప్పీలు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ మినహాయింపు జాబితాలో ఉంది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప ఇవ్వరు. కమిటీ ముందు చెప్పిన సాక్ష్యం నివేదిక రాకముందు అడిగితే సభాహక్కుల పేరుతో నిరాకరిస్తారు. సైనిక బలగాల కదలికల జోలికి పోకుండా భూమి, కాంట్రాక్టు తేదీలు, పెన్షన్ ఫిర్యాదుల సంఖ్య లాంటివి అడిగితే పని అవుతుంది.

పది మంది మాజీ సైనికులు కలిసి లోక్‌సభకు పిటిషన్ కూడా పెట్టొచ్చు. తెలుగులో రాస్తే పిటిషనర్ సంతకంతో హిందీ లేదా ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి, ఎంపీ ద్వారా సభలో పెట్టిస్తే పిటిషన్‌పై ఆ ఎంపీ కూడా సంతకం చేయాలి. అనువాదం మీద సంతకం మరిచిపోతే అక్కడే ఆగిపోతుంది.