విశాఖ తేమలో రక్తపు స్మియర్ తయారీ: వన్యప్రాణుల రక్తంలో పరాన్నజీవులను గుర్తించడం

అమెరికా అడవుల్లోనూ పట్టణ శివార్లలోనూ తిరిగే రాకూన్లు అనే చిన్న జంతువుల రక్తంలో బబేసియా, హెపటోజూన్, ట్రిపనోసోమా వంటి పరాన్నజీవులు కనిపిస్తాయి. వాటిని మోస్తున్న జంతువు చాలాసార్లు పైకి ఆరోగ్యంగానే ఉంటుంది. రాకూన్లు మన అడవుల్లో లేవు. అయినా కంబాలకొండ చుట్టుపక్కల గాయపడి దొరికిన పునుగుపిల్లికైనా, నక్కకైనా, వీధికుక్కకైనా రక్తాన్ని గాజు స్లైడుపై పలచగా పూసి (ఈ పూతనే స్మియర్ అంటారు) మైక్రోస్కోపులో పరీక్షించే పద్ధతి ఇదే. పశువైద్య విద్యార్థులను, ప్రయోగశాలలో కొత్తగా చేరినవారిని దృష్టిలో పెట్టుకొని దీన్ని రాస్తున్నాను.

అడవి జంతువును అనుమతి లేకుండా పట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కనుక ముందుగా అటవీ శాఖకు తెలియజేయాలి. రక్తం తీసే పని పశువైద్యునిదే. రేబిస్ ప్రమాదం ఉన్నందున సహాయకులు కూడా చేతితొడుగులు లేకుండా జంతువును ముట్టుకోకూడదు.

బబేసియా సోకిన కణాలు సన్నని రక్తకేశనాళికల్లో ఎక్కువగా చేరతాయి. అందుచేత చెవి అంచున సూదితో గుచ్చి తీసిన చుక్క శ్రేష్ఠం. సిర నుండి తీసి ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) గొట్టంలో పోసిన రక్తమైతే గంటలోపే స్మియర్ చేయాలి. జిడ్డు లేని స్లైడు ఒక చివర చిన్న చుక్క ఉంచి, రెండో స్లైడును సుమారు 30 నుండి 45 డిగ్రీల వాలులో చుక్కకు తాకించి, రక్తం అంచు పొడవునా పాకిన వెంటనే ఆగకుండా ఒకే ఊపున ముందుకు నెట్టాలి. పూత చివర పక్షి ఈక కొనలా పలచబడితే స్మియర్ కుదిరినట్టే. రక్తహీనత ఉన్న జంతువు రక్తం పలచన కాబట్టి, వాలు కొంచెం పెంచాలి.

విశాఖలో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. సముద్రపు గాలిలోని తేమ వల్ల పూత నిదానంగా ఆరితే ఎర్రకణాల్లో మెరిసే బుడగల వంటి ఖాళీలు ఏర్పడతాయి, వాటినే పరాన్నజీవులుగా పొరబడే అవకాశం చాలా ఎక్కువ. కాబట్టి పూత పూసిన వెంటనే స్లైడును ఫ్యాన్ కింద ఆరబెట్టి, ఆరీ ఆరగానే మిథనాల్‌లో కనీసం రెండు నిమిషాలు ముంచి ఉంచాలి. మిథనాల్ కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సీసా మూత బిగించి, వాడినంత మాత్రమే బయటికి పోసుకోవాలి. ముంచని స్లైడును బల్లపై వదిలేస్తే చీమలు, ఈగలు తినేస్తాయి. ఫార్మలిన్ సీసా ఉన్న గదిలో అసలే ఉంచరాదు, ఆ ఆవిరి తగిలిన పూతకు రంగు సరిగా పట్టదు.

ఒక వంతు గీమ్సా రంగును తొమ్మిది వంతుల బఫర్ (పీహెచ్ 7.2) ద్రావణంలో అప్పటికప్పుడు కలిపి, అరగంట ఉంచి, కడిగి, నిలువుగా ఆరబెట్టాలి.

మైక్రోస్కోపులో ముందు 10 రెట్ల కటకంతో అంచులన్నీ చూడాలి. మైక్రోఫైలేరియాలు (ఫైలేరియా పురుగుల పిల్లలు) అక్కడే దొరుకుతాయి. తరువాత నూనె వేసి 100 రెట్ల కటకంతో ఈకకొన ప్రాంతాన్ని ఓపికగా గాలించాలి. పెద్ద బబేసియా అయితే ఎర్రకణం లోపల బేరిపండు ఆకారంలో, తరచూ జంటగా, కొనలు ఒకదానికొకటి చేర్చి కనిపిస్తుంది. చిన్న జాతులు ఉంగరాల్లా, చుక్కల్లా ఉంటాయి. హెపటోజూన్ తెల్లకణంలో పొడవాటి గుండ్రని గుళికలా ఉండి, కణకేంద్రకాన్ని పక్కకు నెడుతుంది. కుక్కకు ఇది పిడుదు కాటుతో రాదు, సోకిన పిడుదును మింగడం వల్ల వస్తుంది. ట్రిపనోసోమా కణాల బయట అలల అంచుతో వంకరగా కనిపిస్తుంది. మన దేశంలో పశువులకు, కుక్కలకు సర్రా జబ్బు తెచ్చే ట్రిపనోసోమా ఎవాన్సీని జోరీగలు వ్యాపింపజేస్తాయి. తాజా రక్తపు చుక్కపై కవర్‌స్లిప్ వేసి చూస్తే అది కణాలను తోసుకుంటూ కదలడం కనిపిస్తుంది.

ఎర్రకణం మీద పడిన ప్లేట్‌లెట్ కొత్తవారిని తరచూ మోసగిస్తుంది. దాని చుట్టూ సన్నని లేత వలయం ఉంటుంది. స్లైడుపై మిగిలిపోయిన రంగు మడ్డి కూడా అలాగే మోసగిస్తుంది, కానీ ఫోకస్ కొద్దిగా తిప్పగానే అది కణం కన్నా వేరే ఎత్తులో మెరుస్తుంది. ఈ రెండూ కాదని తేలితేనే పరాన్నజీవి పేరు రాయండి.

రాకూన్ల వంటి వాహక జంతువుల రక్తంలో పరాన్నజీవుల సంఖ్య తక్కువగా ఉండవచ్చు. అందువల్ల ఏమీ కనబడనప్పుడు నివేదికలో "జబ్బు లేదు" అని కాక "పరిశీలించిన మేరకు కనబడలేదు" అని రాసి, మిగిలిన ఈడీటీఏ రక్తాన్ని చల్లగా ఉంచి పీసీఆర్ పరీక్షకు (పరాన్నజీవి డీఎన్ఏను వెతికే పరీక్ష) పంపాలి.