ఎర్త్ వేరు, న్యూట్రల్ వేరు: మీ ఇంట్లో ఎలా చూసుకోవాలి

మా చీపురుపల్లి సైడు ఫ్యాను ఆగినా "ఎర్త్ పోయింది" అంటారు, ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమన్నా అదే మాట. కానీ అవి రెండూ వేరు వేరు జబ్బులండి.

ఫేజులో వచ్చిన కరెంటు వెనక్కి పోయే దారి న్యూట్రల్, ఫ్యాను తిరిగినంతసేపూ అందులో కరెంటు పారుతూనే ఉంటుంది. ఎర్త్ లో మామూలుగా ఏమీ పారదు, లోపల వైరు చీలి బాడీకి తగిలితే ఆ కరెంటు మన ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోవడానికే అది. కాబట్టి ఫ్యాను, లైటు ఆగిపోయి, స్విచ్ వేసి టెస్టర్ పెడితే సాకెట్ రెండు కన్నాల్లోనూ వెలిగిందంటే పోయింది న్యూట్రల్. అన్నీ బాగానే నడుస్తూ గ్రైండర్ బాడీ మాత్రం కొడుతోందంటే లోపల లీకేజీ ఉంది, ఎర్త్ కూడా సరిగా లేదు.

2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస వైపు స్తంభాలు ఎలా పడిపోయాయో మనకి తెలుసు కదా, అలాంటి గాలివానకి త్రీ ఫేజ్ లైన్లో న్యూట్రల్ ఒక్కటే తెగితే కొన్ని ఇళ్ళకి 230 బదులు 400 దగ్గర దాకా వోల్టేజి వచ్చేస్తుంది. బల్బులు ఒక్కసారి బాగా వెలిగిపోతుంటే వెంటనే మెయిన్ ఆపేయండి.

ఇంకోటి, ఇది చాలా ప్రమాదం, ఎర్త్ కోసం గొయ్యి తవ్వడం ఖర్చని కొంతమంది సాకెట్ వెనకాల న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న వైరు ముక్క కలిపేస్తారు. బయట న్యూట్రల్ తెగిన రోజున ఫేజు తిన్నగా గ్రైండర్ బాడీలోకి వచ్చేస్తుంది. మా పిన్నికి ఇలాగే కొట్టింది, కాళ్ళకి చెప్పులుండబట్టి బతికింది.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే ఏసీ 750 వోల్టుల మీద పెట్టండి. సాకెట్ మనకి ఎదురుగా ఉంటే కుడి కన్నం ఫేజు, ఎడమ న్యూట్రల్, పైన పెద్దది ఎర్త్. ఫేజుకీ న్యూట్రల్ కీ 230 దగ్గర, ఫేజుకీ ఎర్త్ కీ కూడా ఇంచుమించు అంతే రావాలి. న్యూట్రల్ కీ ఎర్త్ కీ మధ్య ఒకటి రెండు వోల్టులుంటే కంగారు లేదు, లోడు వేసినా సున్నా కదలకపోతే మాత్రం ఆ ముక్క వైరు ఉందేమో అని అనుమానించి, మెయిన్ ఆపి వైర్ మేన్ చేత విప్పించి చూడండి. ఫేజుకీ ఎర్త్ కీ బాగా తక్కువ చూపిస్తే ఎర్త్ పోయినట్టే, మన ఎర్రమట్టి ఎండాకాలంలో బాగా ఎండిపోతుంది కాబట్టి ముందుగా ఎర్త్ గోతిలో రెండు బిందెల నీళ్ళు పోసి మర్నాడు మళ్ళీ కొలవండి, అప్పటికీ రాకపోతే బొగ్గు, ఉప్పు మార్పించాలి.

ఎర్త్ బాగున్నా 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట తానే పడిపోయి లైను ఆపేసే స్విచ్, ఒకటి పెట్టించుకోండి, నెలకోసారి దాని మీద టెస్ట్ బటన్ నొక్కండి, పడకపోతే ఆ రోజే మార్పించేయండి.