లినక్స్ షెడ్యూలింగ్ - 4వ పాఠం: బరువైన పని నడుస్తున్నా డెస్క్‌టాప్ బిగుసుకుపోకుండా

గత పాఠంలో, నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే టాప్ కమాండ్ వరుసలు చదవడం నేర్చుకున్నాం. ఇప్పుడు దాన్ని ఒక పక్కన తెరిచి ఉంచండి. వెనకాల పెద్ద కంపైల్ నడుస్తోంది, బ్రౌజర్‌లో కొట్టిన అక్షరం తెర మీదికి ఆలస్యంగా వస్తోంది. ఏం చేయాలి?

ముందు కొరత దేనికో తేల్చుకోవాలి. టాప్ పై వరుసలో కనిపించే లోడ్ యావరేజ్‌ని నమ్ముకోవద్దు. లినక్స్‌లో ఆ అంకెలోకి సీపీయూ కోసం కాచుకున్న ప్రాసెస్‌లే కాదు, డిస్కు కోసం డి స్థితిలో (మధ్యలో లేపలేని నిద్రలో) ఆగిపోయినవీ వచ్చి చేరతాయి. 2018లో వచ్చిన 4.20 కెర్నల్ నుంచి ప్రాక్ కింద ప్రెషర్ అనే డైరెక్టరీ ఉంది. అందులో సీపీయూ, మెమరీ, ఐఓ (డిస్కు లాంటి వాటితో రాకపోకలు) అనే ఫైళ్లు ఉంటాయి, క్యాట్‌తో చదవండి. సమ్ (some) వరుసలో ఏవీజీ10 పక్కనున్న అంకె చూడండి. గత 10 సెకన్లలో ఎంత శాతం సమయం కనీసం ఒక్క పనైనా ఆ వనరు దొరక్క ఆగిందో అది చెబుతుంది. మెమరీ అంకె పెద్దదైతే ఈ పాఠంతో పని జరగదు. స్వాప్‌లోకి, అంటే డిస్కు మీదికి, పోయిన మెమరీ పేజీని షెడ్యూలర్ (సీపీయూ వంతులు పంచే కెర్నల్ భాగం) తొందరగా వెనక్కి తేలేదు.

సీపీయూ అంకే పెద్దదనుకుందాం. ప్రతి మామూలు ప్రాసెస్‌కూ -20 నుంచి 19 దాకా ఒక నైస్ విలువ ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ ప్రాధాన్యం దిగుతుంది. కెర్నల్ దాన్ని బరువుగా మార్చుకుంటుంది: నైస్ 0కి 1024, నైస్ 10కి 110, నైస్ 19కి 15. తన బరువును పోటీలో ఉన్నవాటి మొత్తం బరువుతో భాగిస్తే వచ్చేదే వాటా.

కాగితం తీసుకోండి. ఒకే కోర్ మీద ఎనిమిది కంపైల్ ప్రాసెస్‌లు, ఒక బ్రౌజర్ ప్రాసెస్ ఉన్నాయి. అన్నీ నైస్ 0లో ఉంటే బ్రౌజర్‌కు దక్కేది 11 శాతం. కంపైల్‌ను నైస్ 10కి దించితే 1024ను 1904తో భాగించాలి, 54 శాతం. నైస్ 19కి దించితే దాదాపు 90 శాతం. విలువ చెప్పకుండా నైస్ కమాండ్ వాడితే దిగేది 10 మెట్లే. అందుకే 19 అని విడిగా రాయమంటాను. కంపైల్ కుంటుపడుతుందని భయపడకండి. బ్రౌజర్ ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది, అది వాడుకోని సమయమంతా కంపైల్‌దే.

డెస్క్‌టాప్‌నే పైకెత్తవచ్చు కదా అని అడుగుతారు. రుణ విలువలకు రూట్ హక్కు కావాలి. పైగా డెస్క్‌టాప్ అంటే కంపోజిటర్ (విండోలను కలిపి తెర మీద గీసేది), సౌండ్ సర్వర్, బ్రౌజర్ ట్యాబులు, ఇంకా ఎన్నో. బరువైన పని మాత్రం మీకు తెలిసినదే, మీరు మొదలుపెట్టినదే. దాన్ని దించడమే సరైన దారి.

ఇప్పుడు అసలు ప్రయోగం. రెండు టెర్మినల్ విండోలు తెరవండి. రెండింట్లోనూ ఆగకుండా ఒకే అక్షరాన్ని రాస్తూ పోయే యెస్ కమాండ్ నడిపి, అవుట్‌పుట్‌ను డెవ్ నల్‌కు (వచ్చినదంతా పారేసే చోటుకు) పంపండి. టాస్క్‌సెట్ కమాండ్‌తో రెండింటినీ 0వ కోర్‌కే కట్టేయండి, లేకపోతే చెరో కోర్ తీసుకుని పోటీయే ఉండదు. ఒకదానికి నైస్ 19 ఇవ్వండి. 98.6, 1.4 శాతాలు రావాలి. చాలా మెషీన్లలో 50, 50 వస్తుంది!

కారణం ఆటోగ్రూప్. 2011లో 2.6.38 కెర్నల్‌లో వచ్చింది. ఒక్కో టెర్మినల్ సెషన్‌ను ఒక్కో గుంపుగా కట్టి, ముందు గుంపుల మధ్య సమయం పంచుతుంది. నైస్ బలం గుంపు లోపలే. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ సీగ్రూపులు (కెర్నల్‌లోని ప్రాసెస్ గుంపులు) కట్టినచోటా ఇదే ఫలితం. రెండు యెస్‌లనూ ఒకే టెర్మినల్‌లో బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపి చూడండి, లెక్క సరిపోతుంది. ఇది తెలియకే నైస్ పనిచేయదని ఎంతోమంది వదిలేస్తారు, నాకు బాధగా ఉంటుంది.

కాబట్టి కొత్త డిస్ట్రోల్లో గుంపు బరువునే తగ్గించండి. సిస్టమ్‌డీ-రన్‌ను యూజర్, స్కోప్ ఆప్షన్లతో పిలిచి, సీపీయూ వెయిట్ 10 అని పెట్టి కంపైల్ మొదలుపెట్టండి. మామూలు విలువ 100. అంటే పక్కనున్న ఒక్క గుంపుతో పోటీపడితే కంపైల్‌కు పదకొండో వంతు.

వాటా ఎంతన్నది ఒకటి, వంతు ఎప్పుడన్నది ఇంకొకటి. 60 హెర్ట్‌జ్ తెరకు ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. 2007 నుంచి ఉన్న సీఎఫ్ఎస్ షెడ్యూలర్ స్థానంలోకి 2023లో 6.6 కెర్నల్‌తో ఈఈవీడీఎఫ్ అనే కొత్త పద్ధతి వచ్చింది. అది ప్రతి పనికీ ఒక వర్చువల్ గడువు కట్టి, అర్హత ఉన్నవాటిలో ముందు ముగిసే గడువుకు వంతు ఇస్తుంది. వచ్చే పాఠమంతా దీని మీదే.

అభ్యాసం: నైస్ 5 బరువు 335. ఎనిమిది కంపైల్ ప్రాసెస్‌లు నైస్ 5లో ఉంటే బ్రౌజర్ వాటా ఎంత? కాగితం మీద కట్టి, ఒకే టెర్మినల్‌లో, 0వ కోర్‌కే కట్టేసిన తొమ్మిది యెస్‌లతో సరిచూసుకోండి.